గాలి లేని చోట సూర్యుడు ఎలా మండుతున్నాడు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నేను ఇంటర్‌లో ఆర్ట్స్ గ్రూపు చదివి ఆపేశాను కనుక వాడి ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతున్నాను. మంట మండాలంటే ప్రాణవాయువు కావాలని పాఠంలో ఉంది కదా, అంతరిక్షంలో గాలే లేనప్పుడు సూర్యుడు ఎలా మండుతున్నాడని అడుగుతున్నాడు. ఎవరూ వెళ్లి చూడకుండా సూర్యుడిలో ఏమున్నదో ఎలా చెప్పారని, జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటే మరి చలి ఎందుకని కూడా అడుగుతున్నాడు. ఫోనులో ఏదో వీడియో చూసినప్పటి నుంచి సూర్యుడు ఆరిపోతాడని బెంగ పెట్టుకున్నాడు. ఇప్పుడు సూర్యుడి మీద మచ్చలు చూస్తానని పాత ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని మేడ ఎక్కుతున్నాడు. పళ్లెంలో పసుపునీళ్లు పోసి అందులో చూస్తే ఏమీ కాదని మా మామగారు అంటున్నారు. వాడికి ఏం చెప్పాలి, ఏం చూపించాలి?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలోని మిగిలిన ప్రశ్నలు నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు గాని ఎక్స్‌రే ఫిల్ము సంగతి ఆగేది కాదు కనుక దానితోనే మొదలుపెడుతున్నాను. ఇది చదివిన వెంటనే ఆ ఫిల్మును వాడి చేతిలో నుంచి తీసుకుని అందని చోట పెట్టండి. ఫిల్ములో నుంచి చూస్తే వెలుగు తగ్గినట్టే ఉంటుంది, కానీ కంటికి కనబడని పరారుణ కిరణాలను అది చాలావరకు వదిలేస్తుంది. పైగా వెలుగు తగ్గింది కనుక కనుపాప విప్పారుతుంది, పిల్లవాడు ధైర్యంగా ఎక్కువసేపు చూస్తాడు. కంటి వెనుక ఉండే రెటీనాకు నొప్పి తెలిపే నరాలు లేవు. అది కాలుతున్నా బాధ ఉండదు. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కసారి మరునాడు, చూపు నడిమధ్యలో మసక మచ్చ కనబడినప్పుడు గాని జరిగింది తెలియదు, ఆ మచ్చ కొందరిలో ఎప్పటికీ పోదు. మసిపట్టించిన గాజు, నల్ల కళ్లద్దాలు, సీడీ ముక్క, రెండు మూడు పొరలుగా మడిచిన ఫిల్ము, వీటిలో ఏదీ పనికిరాదు. సూర్యుడిని నేరుగా చూడడానికి తగిన కళ్లద్దాల మీద ఐఎస్ఓ 12312-2 అనే ప్రమాణం ముద్రించి ఉంటుంది. అవి వెలుగును దాదాపు లక్షో వంతుకు తగ్గిస్తాయి. గ్రహణాల సమయంలో ఆ ముద్ర వేసిన నకిలీ సరుకు కూడా అమ్ముడవుతుంది కనుక నమ్మకమైన సైన్సు సంస్థల దగ్గర తప్ప కొనవద్దు.

పసుపునీళ్ల విషయం కాస్త సున్నితమైనది. ఎండ నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు నీటి పైతలం తన మీద పడిన వెలుగులో సుమారు 2 శాతాన్ని తిప్పి పంపుతుంది. అంటే యాభయ్యో వంతు. పసుపు కలిపినా పేడ కలిపినా ఈ లెక్క మారదు, అడుగున ఉన్న పళ్లెం మెరుపు మాత్రమే కనబడకుండా పోతుంది. పొద్దు వాలినప్పుడైతే నీటి మీద నుంచి వచ్చే వెలుగు ఇంకా పెరుగుతుంది. లక్షో వంతు కావలసిన చోట యాభయ్యో వంతు ఎంతమాత్రం చాలదు. ఏదో ఒక గ్రహణాన్ని క్షణకాలం అలా చూసినవారికి ఏమీ కాకపోయి ఉండవచ్చు, కాబట్టి మీ మామగారు అబద్ధం చెబుతున్నారని కాదు. అది ప్రతిరోజూ మచ్చల కోసం తేరిపార చూసే పిల్లవాడికి ఇవ్వదగిన పద్ధతి కాదని మాత్రమే. ఆయనతో వాదన పెట్టుకోకుండా, సూర్యుడి వైపు అసలు చూడకుండానే సూర్యబింబాన్ని చూసే పద్ధతిని చివరలో వివరిస్తున్నాను, దాన్ని మనవడి చేత ఆయననే చేయించమనండి.

ఇక అసలు ప్రశ్న. గాలి లేని చోట మంట ఎలా ఉంటుందని మీవాడు అడిగినది చాలా సరైన ప్రశ్న, ఎందుకంటే దానికి జవాబు సూర్యుడు మండడం లేదన్నదే. కట్టె మండినా, కిరసనాయిలు మండినా, గ్యాసు మండినా జరిగేది ఆ పదార్థం ప్రాణవాయువుతో కలవడం. అందులో అణువుల అల్లిక మారుతుంది తప్ప వాటిలోని పరమాణువులు అవే ఉంటాయి. సూర్యుడంత బరువున్న బొగ్గుముద్దను తీసుకుని, దానికి కావలసినంత ప్రాణవాయువును కూడా మనమే సమకూర్చి, సూర్యుడు ఇస్తున్నంత వెలుగు వచ్చేలా మండిస్తే, అది సుమారు 5,000 సంవత్సరాలలో బూడిద అయిపోతుంది. మనిషి వ్యవసాయం మొదలుపెట్టి దానికి రెట్టింపు కాలం అయింది. ఈ ఒక్క లెక్క చాలు, సూర్యుడిని అగ్నిగోళం అనడం కవిత్వంలో బాగుంటుంది గాని విజ్ఞానశాస్త్రంలో నిలవదని చెప్పడానికి.

ఈ చిక్కుముడి మీవాడికి మాత్రమే ఎదురుకాలేదు. 19వ శతాబ్దంలో గొప్ప భౌతికశాస్త్రవేత్తలందరూ దీని దగ్గర ఆగిపోయారు. సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోతూ ఆ ఒత్తిడిలో వేడెక్కుతున్నాడని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్, బ్రిటన్‌లో లార్డ్ కెల్విన్ ప్రతిపాదించారు. ఆ లెక్క ప్రకారం సూర్యుడి వయసు కొన్ని కోట్ల సంవత్సరాలకు మించదు. కానీ రాళ్ల పొరలు ఏర్పడడానికీ, జీవజాతులు పరిణామం చెందడానికీ అంతకంటే ఎంతో ఎక్కువ కాలం పట్టి ఉండాలని భూగర్భశాస్త్రజ్ఞులు, డార్విన్ అనుచరులు పట్టుబట్టారు. కెల్విన్ గణితంలో తప్పు లేదు. ఆయన కాలానికి తెలియని ఇంధనం ఒకటి ఉంది, అంతే. 1920లో బ్రిటిష్ ఖగోళశాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ ఆ ఇంధనం ఏమై ఉండవచ్చో సూచించాడు. నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు కంటే ఒక హీలియం పరమాణువు బరువు కొద్దిగా తక్కువ. నాలుగూ కలిసి ఒకటయ్యేటప్పుడు ఆ తరుగు శక్తిగా మారుతుంటే సూర్యుడి లెక్క సరిపోతుందని ఆయన అన్నాడు. అది ఏయే మెట్లలో జరుగుతుందో 1938, 1939 సంవత్సరాలలో హాన్స్ బేతే తేల్చాడు, అందుకు 1967లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది కేంద్రక సంలీనం. దీనికి ప్రాణవాయువు అక్కరలేదు, నిప్పు అంటించేవారు అక్కరలేదు, కావలసినదల్లా బరువు. భూమి వంటి గోళాలను 109 పక్కపక్కన పేరిస్తే సూర్యుడి వ్యాసం అవుతుంది, అంటే సుమారు 13.9 లక్షల కి.మీ. సూర్యుడి బరువు భూమి బరువుకు 3.33 లక్షల రెట్లు. గ్రహాలు, ఉపగ్రహాలు, తోకచుక్కలు అన్నీ కలిపిన సౌరకుటుంబం మొత్తంలో 99.8 శాతానికి పైగా బరువు ఆ ఒక్కడిదే. ఇంత పదార్థం తన ఆకర్షణతో తానే లోపలికి నొక్కుకుంటుంటే నడిబొడ్డున ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలకు చేరుతుంది, సాంద్రత నీటికి 150 రెట్లు అవుతుంది. సీసం కంటే ఎంతో చిక్కగా ఉన్నా అది గట్టిపదార్థం కాదు, ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువే. దాన్నే ప్లాస్మా అంటారు. అక్కడ హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ప్రోటాన్లు, ఒకదానినొకటి నెట్టుకుంటూనే అమితవేగంతో ఢీకొంటుంటాయి. చాలా అరుదుగా రెండు అతుక్కుంటాయి. ఆ అతుకుల వరుస చివర హీలియం తయారవుతుంది. ప్రతి సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా మారుతుంది, అందులో 40 లక్షల టన్నులకు పైగా పదార్థం మాయమై శక్తిగా బయటికి వస్తుంది. ఆ శక్తిలో భూమి మీద పడేది 200 కోట్ల భాగాలలో ఒక భాగం కంటే తక్కువ, మన పంటలూ వానలూ గాలులూ అన్నీ ఆ కొద్దిపాటి వాటా మీద నడుస్తున్నవే.

చాలా పుస్తకాలు ఇక్కడ ఆగి సూర్యుడిని హైడ్రోజన్ బాంబుతో పోల్చి ఊరుకుంటాయి. నాకు ఆ పోలిక నచ్చదు, అది పిల్లల మనసులో తప్పు బొమ్మ గీస్తుంది. సూర్యగర్భంలో ఒక ఘనమీటరు చోటులో పుట్టే శక్తి 300 వాట్లకు కూడా చేరదు. మీ పొలం గట్టున పేరుకున్న పెంటకుప్ప లోపల పుట్టే వేడి దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది. బరువుకు బరువు లెక్క చూస్తే సూర్యుడి కంటే మీ అబ్బాయి శరీరమే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. సూర్యుడి గొప్పతనం ఉధృతిలో లేదు, పరిమాణంలో ఉంది. రెండు ప్రోటాన్లు అతుక్కోవడం ఎంత కష్టమంటే, ఒక ప్రోటాన్‌కు తగిన జోడీ దొరకడానికి సగటున వందల కోట్ల సంవత్సరాలు పడుతుంది. లెక్కలేనన్ని ప్రోటాన్లు ఉన్నాయి కనుక ప్రతి క్షణం ఎక్కడో ఒకచోట కొన్ని అతుక్కుంటూనే ఉంటాయి. ఎప్పుడైనా సంలీనం కాస్త ఎక్కువైతే ఆ వేడికి గర్భం వ్యాకోచించి చల్లబడుతుంది, సంలీనం తగ్గుతుంది. తగ్గితే పైబరువు నొక్కి మళ్లీ వేడెక్కిస్తుంది. సూర్యుడు పేలిపోకుండా, ఆరిపోకుండా వందల కోట్ల ఏళ్లు నిలకడగా ఉండడానికి ఈ సర్దుబాటే కారణం. కాబట్టి మీవాడితో, సూర్యుడు మంట కాదు, తన బరువుకు తానే వేడెక్కి హైడ్రోజన్‌ను హీలియంగా మార్చే వాయుగోళం అని చెప్పండి. పరీక్షలో రాయడానికి కూడా అదే సరైన వాక్యం.

ఎవరూ వెళ్లకుండా అందులో ఏమున్నదో ఎలా తెలిసిందన్న ప్రశ్నకు జవాబులో సగం మీ గుంటూరులోనే ఉంది. సూర్యకాంతిని పట్టకం గుండా పంపి ఏడు రంగులుగా విడదీసినప్పుడు ఆ రంగుల పట్టీలో అక్కడక్కడా సన్నని నల్లగీతలు ఉంటాయి. 1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ వాటిని వందల సంఖ్యలో గుర్తించాడు. ఒక్కొక్క మూలకం తనకు మాత్రమే చెందిన చోట్ల గీతలు పెడుతుందని 1859 ప్రాంతంలో కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. అప్పటి నుంచి సూర్యుడి వెలుగును చదవడం మొదలైంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ దక్కన్ మీదుగా, తెలుగునేల మీదుగా సాగినప్పుడు ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వెలుగును రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినులు పెట్టుకుని కూర్చున్నారు. మద్రాసు వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పినప్పుడు అంచున ఎగసిన ఎర్రటి జ్వాలల వర్ణపటంలో నల్లగీతలకు బదులు మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే అవి వేడెక్కిన వాయువులన్నమాట. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునని జాన్సెన్‌కు అప్పుడే తట్టింది, మరునాడు గుంటూరులోనే చూసి రుజువు చేశాడు.

ఆ గీతలలో పసుపురంగుది ఒకటి ఉంది. హీలియంను గుంటూరులో కనుగొన్నారని మన పత్రికలు అప్పుడప్పుడు రాస్తుంటాయి, అది పూర్తిగా నిజం కాదు. గ్రహణం రోజున ఆ గీతను చూసినవారిలో ఎక్కువమంది అది సోడియం గీత అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్, గ్రహణంతో పని లేకుండా, దాన్ని మళ్లీ చూశాడు. సోడియంకూ హైడ్రోజన్‌కూ చెందని ఆ గీత భూమి మీద తెలియని మూలకానిదై ఉండాలని వాదించాడు, ఆ మూలకాన్ని గ్రీకు సూర్యదేవుడి పేరు మీద హీలియం అన్నారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూసేదాకా ఆ సందేహం తీరలేదు. గుంటూరుకు దక్కవలసిన గౌరవం, సూర్యుడి జ్వాలలు వాయువులని తేల్చడం, వాటిని ఏ రోజైనా చూసే దారి చూపడం; అది తక్కువదేమీ కాదు.

ఇదే పద్ధతి ఒకసారి తప్పుదారి కూడా పట్టించిందని మీవాడికి తప్పక చెప్పండి. 1869లో అమెరికాలో జరిగిన గ్రహణంలో సూర్యుడి చుట్టూ వెలిసే తెల్లని కరోనాలో ఎవరికీ తెలియని ఆకుపచ్చ గీత కనబడింది. హీలియం విషయంలో చేసినట్టే దానికీ కొత్త మూలకాన్ని ఊహించి కరోనియం అని పేరు పెట్టారు. డెబ్బై ఏళ్లు గడిచాక, 1940 ప్రాంతంలో, అది ఇనుమేనని తేలింది. పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. అన్నేసి ఎలక్ట్రాన్లు ఊడాలంటే 10, 20 లక్షల డిగ్రీల వేడి ఉండాలి. కానీ మనం చూసే సూర్యబింబం ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. వేడి పుట్టే గర్భం నుంచి దూరం జరిగేకొద్దీ చల్లబడుతూ వచ్చిన సూర్యుడు, ఉపరితలం దాటిన తరువాత మళ్లీ వందల రెట్లు ఎందుకు వేడెక్కుతాడన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని సమస్య. అయస్కాంత క్షేత్రాలే అక్కడికి శక్తిని మోస్తున్నాయన్న దానిలో పెద్దగా భేదాభిప్రాయం లేదు, ఎలా మోస్తున్నాయన్నదే చర్చ. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2024 జనవరి 6న భూమికీ సూర్యుడికీ మధ్య, భూమికి 15 లక్షల కి.మీ. దూరంలోని ఎల్1 అనే బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలోకి చేరిన ఇస్రో వారి ఆదిత్య-ఎల్1లోని ప్రధాన పరికరం గమనించే గీతలలో ఆ ఆకుపచ్చ గీత కూడా ఉంది.

గీతలను బట్టి ఏ మూలకాలు ఉన్నాయో తెలుస్తుంది గాని ఏది ఎంత ఉందో చెప్పడానికి మరొక మెట్టు కావాలి. వేడికి పరమాణువులు ఎంతవరకు ఎలక్ట్రాన్లు కోల్పోతాయో చెప్పే సూత్రాన్ని 1920లో మన మేఘనాథ్ సాహా ఇచ్చారు. దాన్ని ఉపయోగించి 1925లో సిసిలియా పేన్ అనే యువ శాస్త్రవేత్త, నక్షత్రాలలో అత్యధికభాగం హైడ్రోజనేనని లెక్క తేల్చింది. భూమిలాగే నక్షత్రాలలోనూ ఇనుము వంటివి దండిగా ఉంటాయని నమ్మిన పెద్దలు అభ్యంతరం చెప్పడంతో తన ఫలితం నిజం కాకపోవచ్చునని ఆమె తన సిద్ధాంతగ్రంథంలోనే రాయవలసివచ్చింది. నాలుగేళ్లలో ఆ పెద్దలే ఆమె లెక్క సరైనదని ఒప్పుకున్నారు. ఇప్పటి లెక్క ప్రకారం సూర్యుడి ఉపరితలంలో బరువును బట్టి సుమారు 73 శాతం హైడ్రోజన్, 25 శాతం హీలియం, మిగిలిన కొద్దిభాగంలో ఆక్సిజన్, కార్బన్, నియాన్, ఇనుము తదితరాలు ఉన్నాయి. అన్నట్టు, ఆ కొద్దిభాగంలో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ప్రాణవాయువే. అయినా అక్కడ అది దేన్నీ మండించడం లేదు, అంత వేడిలో అణువులు చాలావరకు నిలవవు.

జనవరి చలి సంగతి త్వరగా చెప్పవచ్చు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి సుమారు 14.71 కోట్ల కి.మీ. దూరంలో, జూలై మొదటి వారంలో 15.21 కోట్ల కి.మీ. దూరంలో ఉంటుందన్న మాట నిజమే. ఈ తేడా వల్ల భూమికి అందే వెలుగు మారేది 7 శాతం మాత్రమే. అంతకంటే ఎంతో పెద్ద మార్పు భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండడం వల్ల వస్తుంది. డిసెంబరు చివర మీ ఊళ్లో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ. మే మొదటి వారంలో ఆయన సరిగ్గా నడినెత్తి మీదకు వస్తాడు, అప్పుడు నిటారుగా పాతిన గుంజకు కాసేపు నీడే ఉండదు. ఆగస్టు మొదటి పక్షంలో మళ్లీ ఒకసారి అలాగే జరుగుతుంది. ఏటవాలు కిరణాలకూ నిట్టనిలువు కిరణాలకూ ఉన్న తేడా ముందు 50 లక్షల కి.మీ. దూరం లెక్కలోకి రాదు. ఆస్ట్రేలియాలో జనవరి నడివేసవి అని గుర్తుచేస్తే మీవాడికి చప్పున అర్థమవుతుంది. ఆగస్టులోనూ సూర్యుడు నడినెత్తికి వస్తాడు కదా, అప్పుడు రోహిణికార్తె ఎండలు ఎందుకు లేవని వాడు అడిగితే, మబ్బులూ తడిసిన నేలా అడ్డుపడతాయని చెప్పండి.

బెంగ విషయానికి వస్తాను. సూర్యుడు ఏదో ఒకనాటికి అంతమవుతాడన్న మాటను దాచవద్దు, కానీ ఆ వీడియోలు చెప్పని లెక్కను కూడా పక్కన పెట్టండి. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల సంవత్సరాలు. ఈ కాలమంతటిలో వెలుగుగా కరిగిపోయిన బరువు సుమారు నూరు భూముల బరువుకు సమానం, మొత్తం 3.33 లక్షల భూముల బరువని పైన చెప్పుకున్నాం కదా. గర్భంలోని హైడ్రోజన్ దాదాపు సగం ఖర్చయింది, మిగిలినది ఇంకా 500 కోట్ల సంవత్సరాల వరకు వస్తుంది. అప్పుడు సూర్యుడు ఉబ్బి ఎర్రని మహానక్షత్రమవుతాడు, తరువాత పైపొరలను వదిలేసి భూమి అంత పరిమాణంలో ఉండే తెల్ల మరుగుజ్జు నక్షత్రంగా మిగులుతాడు. పేలడు, ఎందుకంటే పేలడానికి కావలసినంత బరువు లేదు. నిజం చెప్పాలంటే భూమికి ఇబ్బంది అంతకంటే ముందే వస్తుంది, సూర్యుడి ప్రకాశం వంద కోట్ల ఏళ్లకు సుమారు 10 శాతం చొప్పున పెరుగుతోంది కనుక ఇంకొక వంద కోట్ల ఏళ్లలో సముద్రాలు నిలవకపోవచ్చు. మనిషి అనదగిన జాతి పుట్టి 3 లక్షల ఏళ్లే అయిందని ఆ పక్కనే చెబితే పదమూడేళ్ల పిల్లవాడు ఆ కాలాల మధ్య తేడాను తానే కొలుచుకుంటాడు. ఒట్టి ఓదార్పు మాటల కంటే ఈ అంకెలే వాడికి ధైర్యాన్నిస్తాయని నా నమ్మకం. వాడు ప్రశ్నించిన తీరు చూస్తే ఓదార్పుతో తృప్తిపడే రకంలా లేడు.

మచ్చల గురించి ఒక మాట. అవి సూర్యుడి మీద బలమైన అయస్కాంత క్షేత్రం గుచ్చుకున్న చోట్లు. అడుగు నుంచి వేడి వాయువు పైకి పొంగకుండా ఆ క్షేత్రం అడ్డుకుంటుంది కనుక అక్కడ ఉపరితలం 1,500 డిగ్రీల దాకా చల్లగా ఉండి, చుట్టూ ఉన్న ప్రకాశంలో నల్లగా కనబడుతుంది. విడిగా తీసి చూడగలిగితే అదీ ధగధగా మెరిసేదే. పెద్ద మచ్చలో భూమి ఇమిడిపోతుంది. సుమారు 11 ఏళ్లకు ఒకసారి వాటి సంఖ్య పెరిగి తగ్గుతుంది, 2024లో అది శిఖరానికి చేరింది. ఆ ఏడాది మే నెలలో వచ్చిన సౌరతుపాను వల్ల లడఖ్‌లోని హాన్లే నుంచి కూడా ఆకాశంలో ఎర్రని వెలుగును ఫొటో తీయగలిగారు. తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాల వందేళ్లకు పైగా మచ్చల ఫొటోలు తీస్తోంది, మచ్చలలో వాయువు కేంద్రం నుంచి బయటికి పారుతుందని 1909లో జాన్ ఎవర్‌షెడ్ కనుగొన్నది అక్కడే. ఏ రోజు మచ్చలు ఆ రోజు చూడాలంటే నాసా వారి సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ ఉపగ్రహం తీసిన చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వరుసగా రెండు వారాలు వాటిని చూసి ఒక మచ్చ స్థానాన్ని కాగితం మీద గుర్తిస్తూ పోతే సూర్యుడు తిరుగుతున్నాడని తెలుస్తుంది. మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు 25 రోజులు, ధ్రువాల దగ్గర దాదాపు 35 రోజులు పడుతుంది. గట్టి గోళమైతే ఇలా తిరగలేదు.

ఇక చేయవలసిన ప్రయోగం. అరచేతిలో ఇమిడే చిన్న అద్దం తీసుకుని దాని ముఖానికి అట్ట అతికించి మధ్యలో 4 మి.మీ. వెడల్పున గుండ్రని రంధ్రం చేయండి. ఎండలో గడప దగ్గర ఒక పీట మీద దాన్ని కదలకుండా నిలిపి, ఆ రంధ్రం నుంచి ప్రతిఫలించే వెలుగు చీకటిగదిలోని గోడ మీద పడేలా తిప్పండి. గోడ మీద కనబడే గుండ్రని వెలుగు రంధ్రం ఆకారం కాదు, సూర్యుడి బింబమే. రంధ్రాన్ని నలుచదరంగా చేసినా బింబం గుండ్రంగానే పడుతుంది, గ్రహణం రోజున నెలవంకలా పడుతుంది. మామూలు మచ్చలు ఇందులో కనబడవు, ఆ ఆశ ముందే వదులుకోమనండి. అద్దంలోకి ఎవరూ చూడకూడదు, ఆ వెలుగును ఎవరి ముఖం మీదా వేయకూడదు. ఈ రెండు నియమాలకు కాపలా బాధ్యత మీ మామగారికి అప్పగించండి.

అద్దం నుంచి గోడకు సరిగ్గా 6 మీటర్లు ఉండేలా చూసుకుని, తెల్లకాగితాన్ని కిరణాలకు ఎదురుగా నిటారుగా పట్టి, బింబం అంచున ఉండే మసకలో మధ్యభాగం నుంచి మధ్యభాగానికి స్కేలుతో కొలవమనండి. దాదాపు 56 మి.మీ. వస్తుంది. బింబం వెడల్పును దూరంతో భాగించి, అంటే 56ను 6,000తో భాగించి, సూర్యుడి సగటు దూరమైన 14.96 కోట్ల కి.మీ.తో గుణిస్తే సుమారు 13.96 లక్షల కి.మీ. వస్తుంది. ఇది పుస్తకంలోని అంకెకు ఎంత దగ్గరో వాడే చూస్తాడు. కొలతలో ఒక మిల్లీమీటరు తేడా పడితే ఫలితంలో 25,000 కి.మీ. తేడా వస్తుంది కనుక నాలుగైదుసార్లు కొలిచి సగటు తీయడం మంచిది. అదే అద్దం, అదే రంధ్రం, అదే 6 మీటర్ల దూరం ఉంచి జనవరి మొదటి వారంలో కొలిస్తే 57 మి.మీ.కు దగ్గరగా, జూలై మొదటి వారంలో కొలిస్తే 55 మి.మీ.కు దగ్గరగా ఉండాలి. జూలైలో మబ్బులు వదలకపోతే జూన్ మూడో వారం నుంచి తెరిపి దొరికిన ఏ రోజైనా సరే, ఆ నాలుగైదు వారాలలో బింబం మారేది మిల్లీమీటరులో పదోవంతుకు అటూ ఇటూ మాత్రమే.